నాన్న పద్యానికి వచ్చిన వన్స్ మోర్

మా చిన్నప్పుడు... కోడి కూయకముందే నాన్న పద్యం అందుకునేవాడు. అమ్మ బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతుంటే, నాన్న దొడ్లో వేపపుల్ల చేత పట్టుకుని, ఎదురుగా పెద్ద సభ ఉన్నట్టు నిలబడేవాడు.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలు... దొరవారిసత్రం దగ్గర పల్లె మాది. రెండెకరాల వరి. రోజంతా బురదలో నడుం వంచే మనిషికి నలభై దాటాక నాటకాల సరదా పట్టింది. ఊళ్ళో నలుగురు రైతులు కలిసి పౌరాణిక నాటకం వేద్దామనుకున్నారు. గూడూరు నుంచి వచ్చిన హార్మోనియం మేష్టరు నాన్న గొంతు విని సేనాపతి వేషం ఇచ్చాడు. నాటకం మొత్తంలో నాన్నకు ఒక్కటే పద్యం... నాలుగే పాదాలు.

ఆ నాలుగు పాదాలకే ఏడాది పట్టింది.

పద్యం అయ్యాక చివర తీసే రాగం ఉంటుంది చూశారూ... ఊపిరి పట్టి ఎంత దూరం లాగితే అంత పేరు. ఆ రాగమే మా ఇంట్లో తంటా తెచ్చిపెట్టింది. నాన్న రాగం ఎత్తుకోగానే బర్రె బెదిరి పాలు చేపడం మానేసేది. అసలే అమ్మకు తీరిక లేదు... ఒక పక్క పొలం పని, ఇంకో పక్క మంచాన పడ్డ అవ్వ, తెల్లారేసరికి నాలుగిళ్ళకు వాడికపాలు పోయాలి.

"పద్యం పాడుకోయ్యా, నేనేం వద్దన్లా. ఆ రాగం మాత్రం ఇంట్లో తీయబాక. కయ్యల కాడికి పొయ్యి తీసుకో" అనింది.

ఆ రోజు నుంచి నాన్న ఇంట్లో ఆఖరి మాట దగ్గరే ఆపేసేవాడు. రాగమంతా వరికయ్యల గట్టు మీదే. ఇంట్లో రాగం తీసిన ఆ మొదటి రోజుల్లో నేనింకా అంత పొద్దున్నే నిద్ర లేచేదాన్ని కాదు. నేను విన్నది ఆఖరి మాట వరకే కాబట్టి, పద్యమంటే అంతేననుకున్నాను.

నాన్నకు ఒకటే కోరిక... వన్స్ మోర్. మా వైపు పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. అరిచారంటే ఎక్కడున్నా ఆపి మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. చచ్చి పడిపోయిన వేషమైనా సరే, లేచి పాడి మళ్ళీ చావాలి.

"ఒక్కసారి అడిగితే చాలు. ఆ తర్వాత వేషం కట్టకపోయినా పర్లేదు" అనేవాడు, అన్నం తింటూ. అడుగుతారన్న నమ్మకం మాత్రం మొహంలో కనిపించేది కాదు. నాకు భలే దిగులుగా ఉండేది.

నాటకం రోజు అవ్వను కనిపెట్టుకుని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళ ఆడపిల్లని, పిల్లలతో కలిసి ముందు చాప మీద కూర్చున్నాను. నాటకం చూడటం నాకు అదే మొదలు. పగలంతా నాట్లు వేసి వచ్చినా నాన్న గొంతు నిలబడింది. నాలుగు పాదాలూ ఎక్కడా తడబడలేదు. ఆఖరి మాట అయింది... నాన్న ఆగాడు.

రాగం కోసం ఊపిరి తీసుకుంటున్నాడని నాకేం తెలుసు? పద్యం అయిపోయింది, ఎవరూ అడగడం లేదనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది. "వన్స్ మోర్" అని గొంతు చించుకుని అరిచాను. పక్కనున్న పిల్లలూ అందుకున్నారు. వెనక ఎవరో ఈల కూడా వేశారు.

పెట్రోమాక్స్ వెలుతురు కళ్ళలో కొట్టి నాన్నకు మేం కనపడి ఉండం... నాన్న మొహం మాత్రం వెలిగిపోయింది. తీసుకున్న ఊపిరి మింగేసి, జనానికి దండం పెట్టి, పద్యం మొదటినుంచి ఎత్తుకున్నాడు. మూడో పాదంలో గొంతు పూడుకుపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు... రాలేదు. కొందరు నవ్వారు. మేష్టరు సైగ చేస్తే ఇంకో వేషం వచ్చేసింది.

ఏడాదిపాటు గట్టు మీద సాధన చేసిన ఆ రాగం సభలో ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

మర్నాడు నాన్న అమ్మతో అంటుంటే విన్నాను.

"అంతమంది అడిగినారే... నేనే నిలబెట్టుకోలేకపోయినా. నా వయసుకు తగ్గ పని గాదిది."

"పోనీలే, అడిగినారు గదా" అనింది అమ్మ. "ఇంక రాగం ఇంట్లోనే తీసుకో. బర్రె సంగతి నేను చూసుకుంటా."

నాన్న మళ్ళీ పాడలేదు. ఎవరైనా నాటకాల మాటెత్తితే మాత్రం, "మాకూ ఒకసారి వన్స్ మోర్ వచ్చిందిలే" అనేవాడు, అలిసిపోయిన గొంతుతో.

ఇప్పుడు పద్యాలన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. రాగం మొదలయ్యేలోపే వేలితో పైకి తోసేస్తున్నాం, నేనూ అంతే. ఆగి వినే ఓపిక ఎవరికీ లేదు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అరిచింది నేనేనని చివరిదాకా చెప్పలేదు. చెబితే తప్పు తనది కాదని తెలిసి మనసు కుదుటపడేదేమో... కానీ బతుకు మొత్తంలో వచ్చిన ఆ ఒక్క వన్స్ మోర్ కూడా కూతురిదే అయిపోయేది. ఎటూ తేల్చుకోలేకుండానే నాకూ డెబ్బై దాటాయి.

మీరైతే చెప్పేవారా?