కొత్త సారుకు చదువు రాదేమో!

1977 జనవరిలో, జనగామ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా ఉన్న నన్ను టేకుమట్ల దాటాక ఉన్న ఒక పల్లె బడికి పరీక్షాధికారిగా పంపారు. పరీక్షల మీద మా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశానని నాకొక పేరుండేది. ఆ పేరు ప్రచారం చేసింది ఎక్కువగా నేనే.

ఆరో తరగతికి పెట్టాల్సింది లెక్కల్లో ప్రామాణిక పరీక్ష. అంటే జిల్లా అంతటా ఒకే ప్రశ్నలు, ఒకే వ్యవధి, ఒకే సూచనలు. సూచనలు చదివాక పరీక్షాధికారి నోరు మెదపకూడదు. పిల్లలు గట్టెక్కకపోతే వచ్చే ఏడు ఆ బడిలో ఏడో తరగతి ఉండదు. అప్పుడు వాగు దాటి అవతలి ఊరి బడికి పోవాలి, అంత దూరం ఆడపిల్లల్ని పంపేవాళ్లు తక్కువ.

ఆ తరగతి ఉపాధ్యాయుడు సత్తయ్య. తన పరీక్షల్లో అందరికీ మంచి మార్కులేనని ధీమాగా చెప్పాడు. నేను లోపల నవ్వుకున్నాను. సొంత సారు పరీక్ష అమ్మ వడ్డించే అన్నం లాంటిది, అడక్కుండానే కొసరు పడుతుంది.

కాగితాలు పంచి, సూచనలు చదివి, గడియారం బల్ల మీద పెట్టాను. ఒక్కరూ పెన్సిల్ కదపలేదు. అందరూ చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు. చివరికి ముందు వరుసలోని లచ్చమ్మ ఉండబట్టలేక అడిగింది.

"సారూ, సదువుండ్రి మరి. మేమెప్పుడు రాయాలె?"

"మీరే చదువుకుని రాయాలి."

"మేమా?"

"కొత్త సారుకు సదువు రాదేమోనే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తరగతంతా గొల్లుమంది.

సంగతి సత్తయ్య చెప్పాడు. ఆ బడి పిల్లలు అచ్చు ప్రశ్నపత్రం ఎన్నడూ చూడలేదు. ఆయన నోటితో ప్రశ్న చదవాలి, పిల్లలు జవాబు రాయాలి. "గిది మా దగ్గర అలవాటు సార్. జర నన్ను సదవనియ్యిండ్రి" అని బతిమాలాడు. నియమం ఒప్పుకోదన్నాను. తరగతి మొత్తం బోల్తా పడింది.

ఇలాంటి పరీక్షకు అదే స్థాయిలో, వేరే ప్రశ్నలతో ఒక జోడు పత్రం ఉంటుంది. మధ్యాహ్నం దాన్ని సత్తయ్య చేత చదివించాను. లచ్చమ్మ ఆయన ప్రశ్న ముగించేలోపే జవాబు రాసేసింది. మిగతావాళ్లూ బాగానే రాశారు. రెండు ఫలితాలూ జతచేసి, వీళ్లకు లెక్కలు వచ్చు, అచ్చులో ఉన్న ప్రశ్నను సొంతంగా చదువుకోవడం రాదు అని నివేదిక పంపాను. రోజూ ఒక పీరియడ్ మౌనపఠనం చేయించాలనే షరతుతో ఏడో తరగతిని ఒక్క ఏడాదికి ఉంచారు.

మరుసటి ఏడు ఆ పిల్లలకే ఏడో తరగతి పరీక్ష పెట్టడానికి మళ్లీ నన్నే పంపారు. నేను సూచనలు చదువుతుండగానే లచ్చమ్మ రాయడం మొదలుపెట్టింది. ఆగమన్నాను.

"మీరు సదివేదాక ఎవరాగుతరు సారూ?" అంది తలెత్తకుండానే.

ఈసారి అందరూ గట్టెక్కారు, ఆ బడిలో ఏడో తరగతి నిలిచింది. సారు పెట్టే పరీక్షను నేను మళ్లీ తేలిగ్గా చూడలేదు. పై నుంచి వచ్చిన పరీక్షలో మార్కులు తగ్గితే, పిల్లలకు రానిది పాఠమా, పరీక్ష రాసే పద్ధతా అని ముందు తేల్చుకోవాలి. నేను చదివిన పుస్తకాల్లోనూ ఆ మాట ఉంది. నాకు అర్థమైంది మాత్రం ఆ పల్లెలోనే.