మామకు నేను ఏమవుతాను

పెళ్ళికి ముందు ఆయన నాకు మామ. పెళ్ళయ్యాక కూడా మామే. మా అమ్మకు సొంత తమ్ముడు. మా ఇళ్ళలో ఆడపిల్ల పుడితే అందరూ మేనమామ ముఖం వైపు చూసి నవ్వుతారు. ఆ నవ్వుతోనే సగం పెళ్ళి అయిపోయినట్టు లెక్క. అందుకే ఆయన మలయాలోని పెనాంగు నుంచి సెలవు మీద వచ్చి, నన్ను చేసుకుని, మళ్ళీ ఓడెక్కి వెళ్ళిపోయినప్పుడు హోసూరులో ఎవరూ వింతగా చూడలేదు. వింతగా చూసింది పెనాంగులోని పర్మిట్ల ఆఫీసు.

ఆయన అక్కడ ఒక బట్టల వ్యాపారి గిడ్డంగిలో పని చేసేవారు. నేను ఆయన దగ్గరికి వెళ్ళాలంటే సముద్రానికి రెండు వైపులా కాగితాలు కావాలి. అక్కడ ఆయన తన జీతం, ఉండే ఇల్లు చూపించి నాకు పర్మిటు అడగాలి. ఇక్కడ నేను ఆయన భార్యనని మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి పాస్‌పోర్టు అడగాలి. దానికి భూమి ఉన్నవాళ్ళొకరు నాకు జామీను నిలబడాలి. పరాయి దేశంలో నేను దిక్కులేనిదాన్నయితే సర్కారు నన్ను వెనక్కి తెస్తుందట. అప్పుడయ్యే ఖర్చంతా జామీనుదారు కట్టాలి. కట్టకపోతే భూమి పోతుంది.

మా నాన్న బండి చక్రాలు చేసే వడ్రంగి. ఉలీ బాడిసె తప్ప ఆయనకు ఆస్తి లేదు. బాగలూరులో ఉన్న పెదనాయనకు బావి, రాగిచేను ఉన్నాయి. అడగగానే ఆయన "నేనుండాను గదా" అన్నాడు. దాంతో అమ్మ నా ప్రయాణానికి చీరలు తీసి మడతలు పెట్టడం మొదలుపెట్టింది.

అంతలో పెనాంగు పర్మిట్ల ఆఫీసు ఆయనకు ఇచ్చిన కాగితం మాకు వచ్చింది. దానికి ఆయన ఒక చిన్న చీటీ జోడించారు. అందులో మొదటి మాట "భయపడవద్దు". అది చదివాకే నాకు భయం మొదలైంది.

మా ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కోగలిగింది నేనొక్కదాన్నే. నేను చదివింది ఎనిమిది వరకే. కానీ అరువు తెచ్చిన పుస్తకాలు అటక మీద దాచుకుని చదివేదాన్ని, తెలియని మాటలు నా డైరీలో రాసుకునేదాన్ని. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ కాగితం చదివాను. ఆయన కొన్నేళ్ళ కిందట తాను పోషించవలసినవాళ్ళ పేర్లు ఆ ఆఫీసుకు రాసి ఇచ్చారట. తల్లి, అక్క, అక్క కూతురు. ఇప్పుడు భార్యకు పర్మిటు అడుగుతూ రాసిన పేరు కూడా ఆ అక్క కూతురిదే. ఒకే మనిషి మేనకోడలు, భార్య ఎలా అవుతుంది? ఈ రెంటిలో ఏది నిజం? మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసిన సమాధానం పంపకపోతే దరఖాస్తు కొట్టివేస్తారు.

"ఏమంట?" అంది అమ్మ.

చెప్పాను.

"దానికేముండాది? రెండూ నిజమే అని రాసెయ్యి."

అమ్మకు అది అంత తేలిక. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఇకముందు పెళ్ళాలను అసలు రానివ్వరని, చట్టం మారబోతోందని ఆయన అంతకుముందే ఒక ఉత్తరంలో రాశారు. ఒకసారి కొట్టేస్తే మళ్ళీ అడిగే అవకాశం ఉంటుందో లేదో.

ఆ వారం సంతకు కృష్ణగిరి పక్కన ఉన్న తన ఊరి నుంచి అవ్వ వచ్చింది. అవ్వ అంటే అమ్మకూ ఆయనకూ తల్లి. నాకు అమ్మమ్మ, ఇప్పుడు అత్త కూడా. అదే సమయానికి బాగలూరు పెదనాయన కూడా వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు గానీ మజ్జిగ చెంబు ముట్టుకోలేదు.

"నేను జామీను నిలబడలేనప్పా," అన్నాడు నాన్నతో. "కచ్చేరిలో గుమాస్తా చెప్పినాడు. ఢిల్లీలో కొత్తగా పెండ్లి చట్టం చేసినారంట. అక్క కూతుర్ని చేసుకుంటే ఆ పెండ్లి చెల్లదంట. జైల్లో గూడా పెడతారంట. చెల్లని పెండ్లికి నేను జామీను పెడితే నా చేను గతేమి?"

నాన్న చేతిలోని ఉలి అలాగే ఆగిపోయింది. లోపల తలుపు వెనక నిలబడి నేను అంతా విన్నాను.

అవ్వ మాత్రం ఆకూవక్కా నములుతూ అడిగింది. "నువ్వు చేసుకునింది ఎవుర్నిరా?"

పెదనాయన ఇప్పుడు మజ్జిగ చెంబు అందుకున్నాడు.

"నీ అక్క కూతుర్నే గదా? నలుగురు బిడ్డల్ని కంటివి. పో, ముందు నువ్వు పోయి జైల్లో కూసో. వెనకనే నా కొడుకొస్తాడు, నీకు తోడు."

"గమ్మున ఉండు అత్తా, తమాషా కాదు ఇది."

"నేనేమన్నా తమాషా చేస్తా ఉండానా? నీ చేను నువ్వే పెట్టుకో. నా బిడ్డకు నేనే నిలబడతాను. నాకు లేదా భూమి?"

అవ్వ పేరు మీద ఊరి చెరువు కింద కొంత వరిమడి ఉంది. జామీను సంగతి అలా తేలింది. చట్టం సంగతి తేలలేదు. నేను రాత్రింబవళ్ళు అదే ఆలోచించాను. పెళ్ళి చెల్లకపోతే నేనెవరిని? పుట్టింట్లో పెళ్ళయిన కూతురిని. అత్తింట్లో మనవరాలిని. కాగితాల్లో ఎవరినీ కాను. ఆయనను నిజంగానే పోలీసులు పట్టుకుంటారేమో అనిపించేది. నా మూలంగా, అక్కడ, ఎవరూ లేని చోట. పోస్టు మనిషి సైకిలు గంట వినపడితే వంటింట్లోకి పోయి నిలబడేదాన్ని.

నాన్నా నేనూ బస్సులో కృష్ణగిరి వెళ్ళాం. పెళ్ళి జరిగింది అవ్వ ఊళ్ళో కాబట్టి ప్రమాణం కూడా అక్కడే. కోర్టు వరండాలో అర్జీలు రాసే ఒకాయన పెనాంగు కాగితం చదివి, తల పంకించి, మెల్లగా నవ్వాడు.

"దీనికింత భయమెందుకప్పా? అక్క కూతురు వేరే, పెండ్లాం వేరే అని రాస్తాము. అక్క కూతురు ఉండేది, జ్వరమొచ్చి చచ్చిపోయింది. ఈ పాప దూరపు చుట్టం బిడ్డ. పేరు మాత్రం ఒకటే. అయిపోయె. చట్టం లేదు, జైలు లేదు."

నాన్న నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. రాసిన కాగితం రాతగాడు చదివి వినిపించాడు. ఫలానా మేనకోడలు విషజ్వరంతో మరణించినది. నా పేరు పక్కనే ఉంది ఆ మాట. ఇక ఆ కాగితం మీద ప్రమాణం చేసి సంతకం పెట్టవలసింది నేను.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ గొంతు చించుకుంది. "బతికుండే బిడ్డను చచ్చిపోయిందని రాస్తారా? ఎవురు రాయమన్నారు?"

"కాగితంలోనే గదా," అన్నాడు నాన్న. ఆ మాట అన్నాక ఆయన కూడా అన్నం సగంలో లేచిపోయాడు.

వేరే దారి ఎవరికీ తెలియదు. అవ్వకు ఈ చావు సంగతి చెబితే ఊరుకోదని అమ్మ చెప్పవద్దంది. జామీను కోసం అవ్వ ఎలాగూ రావాలి. "ఏమడిగినా నా కోడలు అని మాత్రం చెప్పు" అని నేర్పించాం. అవ్వ తలూపింది. కోడలే కదా, అబద్ధమేముంది?

ప్రమాణం రోజు బస్సు శూలగిరి దగ్గర ఆగినప్పుడు దిగి వాంతి చేసుకున్నాను. మేజిస్ట్రేటు గదిలో బంట్రోతు అవ్వను ముందు నిలబెట్టాడు. మేజిస్ట్రేటు కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిరగేశారు. తమిళంలో అడిగారు, మా అందరికీ తమిళం వచ్చు.

"జామీను నిలబడేది నువ్వేనా అమ్మా? ఈమె నీకేమవుతుంది?"

"నా కోడలు సామీ," అంది అవ్వ, నేర్పినట్టే.

నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఆయన ఇంకో కాగితం చూశారు.

"నీ కూతురి కూతురు ఎప్పుడు పోయింది?"

"యాడికి పోయింది?"

"చనిపోయింది కదా. ఇందులో రాసి ఉంది. జ్వరంతో."

అవ్వకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ గది దద్దరిల్లేలా అరిచింది.

"ఏమి మాట సామీ అది! ఎవురు చచ్చిపోయింది? నా కూతురికి ఉండేదే ఒక కూతురు. బంగారట్ల ఈడ నిలబడుకోనుండాది గదా!"

అంటూ రెండు చేతులూ నా ముఖం చుట్టూ తిప్పి, తన కణతల దగ్గర వేళ్ళు విరుచుకుని దిష్టి తీసింది. బంట్రోతు "ష్" అన్నాడు. అవ్వ వినలేదు. అంతవరకూ తలుపు దగ్గర నిలబడి ఉన్న అర్జీల రాతగాడు మాయమయ్యాడు. నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"నువ్వు చెప్పు. ఈ కాగితంలో చనిపోయిన పిల్ల నువ్వేనా?"

నాకు మగవాళ్ళ ముందు మాట రాదు. ఇంటికొచ్చిన చుట్టాలకు నీళ్ళిచ్చి లోపలికి పారిపోయేదాన్ని. ఔనంటే తప్పుడు ప్రమాణానికి వచ్చినదాన్ని. కాదంటే అవ్వ అబద్ధాలకోరు అవుతుంది, నేను ఇక ఎప్పటికీ ఎవరి కూతురి కూతురినీ కాను.

"నేనే," అన్నాను. "బతికే ఉన్నాను. ఆయన మా అమ్మ తమ్ముడు. ఆయనే నన్ను పెళ్ళి చేసుకున్నారు."

అంత పెద్ద మాట బయటివాళ్ళతో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక ఏడుపు ఆగలేదు. ఆయనను జైల్లో పెట్టించింది నేనేనని అనుకున్నాను.

మేజిస్ట్రేటు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరువాత ఆ కాగితాన్ని రెండుగా చించారు.

"దీని మీద సంతకం పెట్టి ఉంటే నిజంగానే జైలుకు పోయేవాళ్ళు. ఇంకా పెట్టలేదు కాబట్టి బతికారు. ఎవరు రాశారు ఇది?"

నాన్న తలుపు వైపు చూశాడు.

"చట్టంలో అలాంటి పెళ్ళి కూడదని ఉంది, నిజమే. దాని కిందనే ఇంకో మాట కూడా ఉంది. వాళ్ళ కులంలో పూర్వం నుంచీ ఆచారం ఉంటే చెల్లుతుందని. మీకు చెప్పినవాళ్ళు సగం చదివి ఆపేసినట్టున్నారు. ఆచారం ఉందని ప్రమాణం చేయడానికి మీ పెద్దవాళ్ళిద్దరిని తీసుకురండి. ఉన్నది ఉన్నట్టు రాయించండి."

బయటికి వచ్చాక అవ్వ నాన్నను వదల్లేదు. బస్సు వచ్చేదాకా తిట్టింది. "నీ ఉలితో చెక్కను చంపు, నా మనవరాల్ని కాదప్పా." నాన్న తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ తిట్లు వింటుంటే కొంచెం వెచ్చగా అనిపించింది.

సాక్షుల్లో ఒకరు అవ్వ ఊరి పెద్దమనిషి. రెండో మనిషిని అవ్వే వెళ్ళి లాక్కొచ్చింది. బాగలూరు పెదనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులా తల దువ్వుకుని వచ్చాడు. "మీ కులంలో అక్క కూతుర్ని చేసుకునే వాడుక ఉందా?" అని మేజిస్ట్రేటు అడిగారు. పెదనాయన ముఖం ఎర్రబడింది.

"నాదే ఉండాది సామీ. మా నాయనది గూడా అదే. మా ఇంట్లో బయటి పిల్లను తెచ్చినోడు ఇంకా పుట్టలేదు."

గుమాస్తాలు నవ్వారు. మేజిస్ట్రేటు కూడా మీసాల్లో నవ్వారు. అవన్నీ కాగితంలోకి ఎక్కాయి. దాని కింద నేను సంతకం చేసినప్పుడు అక్షరాలు వంకరపోయాయి. వంకర సంతకాన్ని పెనాంగులో అనుమానిస్తారేమోనని మళ్ళీ భయం పట్టుకుంది.

రెవెన్యూ మనిషి అవ్వ మడి చూసి, పట్టా చూసి రాసుకుపోయాడు. తరువాత చాలా నెలలు ఏ కబురూ లేదు. మా సమాధానం దొరతనం వాళ్ళకు అర్థం కాలేదేమో, లేక అర్థమై అసహ్యించుకున్నారేమో. మా ఇళ్ళలో పుట్టినప్పటినుంచీ తెలిసిన ఒక మామూలు సంగతి ఎవరో తెలియని బల్ల మీద విప్పి పరిచి ఉంది. దాన్ని వాళ్ళు ఏ కళ్ళతో చూస్తున్నారో అని తలుచుకుంటే సిగ్గూ భయమూ విడదీయలేకపోయేదాన్ని. డైరీలో ఆ రోజుల పేజీల్లో "రాలేదు" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు.

పర్మిటు వచ్చింది. దాని వెనకే పాస్‌పోర్టు కూడా. వివరణ అంగీకరించడమైనదని ఒకే ఒక్క వాక్యం. అమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. నేను వాకిట్లో కూలబడ్డాను, సంతోషంతో కాదు. ఇక వెళ్ళకుండా ఉండడానికి ఏ సాకూ మిగల్లేదు. ఓడ, సముద్రం, పెళ్ళయిన కొత్తలో కొద్ది రోజులు తప్ప కలిసి ఉండని మనిషి. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మామ వేరు, అక్కడ తలుపు తీసే మొగుడు వేరు కదా.

ప్రయాణానికి ముందు అవ్వ హోసూరు వచ్చి ఉంది. వేలిముద్ర వేసేటప్పుడు ఎవరూ సరిగ్గా చదివి చెప్పలేదని, జామీను కాగితం నకలు నాతో చదివించుకుంది. పోషించేవాళ్ళు లేని పక్షంలో తిరిగి రప్పించు ఖర్చులు, అని నేను చదివాను.

"పోషించేవాళ్ళు లేకపోతే అంటే?"

"మామ నన్ను చూసుకోకపోతే, అవ్వా."

అవ్వ ఆకూవక్కా ఉమ్మేసి వచ్చి కూర్చుంది.

"వాడు నా కొడుకు. వాడి కోపం నాకు తెలుసు. మంచోడే, గానీ దూరంలో ఎట్ల ఉంటాడో ఎవురు చూసినారు? నేను వేలిముద్ర వేసింది వాడికి కాదు, నీకు. వాడు నిన్ను ఏడిపిస్తే ఒక్క మాట రాయించు. మడి అమ్మి పిలిపించుకుంటాను. నా కొడుకని చూడను."

జామీను రాసిచ్చింది సర్కారుకు. అందులో అలాంటి మాట ఎక్కడా లేదు. ఏడిస్తే రప్పించుకోవచ్చని ఏ నిబంధనా చెప్పదు. నేను కాగితం మడిచి అవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని రవికలో దోపుకుని, వంటింట్లోకి వెళ్ళి నాకు దారిలోకి రాగి రొట్టెలు కాల్చడం మొదలుపెట్టింది.