బోటుకు కట్టిన కొబ్బరిచెట్టు

కొబ్బరిచెట్టును చేపల వేటకు పంపినవాడు ఈ భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. ఆయనది కళింగపట్నం, పేరు నాగబాబు. ఆ చెట్టు బోటు వెనకాలే అలలు దాటి, లోతునీళ్లకు పోయి, మట్టల నిండా వంజరం చేపలు ఇరికించుకుని పొద్దుగూకేసరికి ఒడ్డు చేరింది. నమ్మనివాళ్లు అక్కడి జాలరిపేటకు వెళ్లి ఎవర్నయినా అడగవచ్చు. అడిగినకొద్దీ చేపలు పెరుగుతాయే గానీ తగ్గవు.

నాగబాబు వేటగాళ్ల ఇంట్లోనే పుట్టాడు. కాకపోతే తీరం కనబడనంత దూరం పోతే చాలు, ముందురోజు తిన్నది కూడా కక్కేసేవాడు. అందుకని ఇంజినీరింగు చదివి, శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో మెకానిక్స్ చెప్పే మాష్టారయ్యాడు. కదలని వస్తువులంటే ఆయనకు ప్రాణం. గోడకు ఆనించిన నిచ్చెన గానీ, తాడుకు వేలాడే బరువు గానీ, ఏదైనా సరే, దాని చుట్టరికాలన్నీ తెంపేసి బోర్డు మీద ఒంటరిగా నిలబెట్టేవాడు. దాన్ని ఎవరెవరు లాగుతున్నారో, ఎవరెవరు తోస్తున్నారో బాణాలు గీసేవాడు. లాగుళ్లూ తోపులూ అన్నీ కలిపితే సున్నా రావాలి. తిప్పే బలాలు కలిపినా సున్నా రావాలి. అప్పుడే వస్తువు కదలకుండా ఉంటుంది. ఆ సున్నా రాక సగం తరగతికి మార్కుల్లో సున్నా వచ్చేది. మధ్యలోనే చదువు మానేసి బయటపడ్డవాళ్లు తెలివైనవాళ్లని ఆ చుట్టుపక్కల గట్టి నమ్మకం.

కాలేజీలో ఎంత హడలగొట్టినా, పేటలో మాత్రం మాష్టారికి చెల్లుబాటు లేదు. అక్క గౌరి మొగుడు లక్ష్ముడికి సొంత బోటుంది. ఒడ్డున పదిమంది చేరితే చాలు, "మా మాష్టరు వల లాగడురా, వలకి బాణం గుర్తేస్తాడు" అని నవ్వించేవాడు. ఒక్కసారి, బతుకులో ఒక్కసారి, ఈ పేటలో తన మాట నెగ్గితే చాలని నాగబాబుకు లోపల రగిలిపోయేది.

తిత్లీ తుపానుకు ముందటేడు వేసవిలో ఆ అవకాశం దొరికింది. గాలివానకు పెరటి కొబ్బరిచెట్టు వేళ్లు సగం పైకిలేచి, తల్లి మరిడమ్మ వంటపాక మీదికి ఒరిగింది.

"కొట్టించీరా బాబూ. నాను పాకలో ఉండగా పడితే ఏటి సేస్తావు?" అంది మరిడమ్మ.

"పడదే అమ్మా. లెక్క కట్టాను. ఈ చెట్టు నీ పాక మీద పడితే ఉద్యోగం మానేసి బావ బోటెక్కుతాను."

"అమ్మో, ఒద్దురా! బోటు కడగనేక సస్తాం," అన్నాడు లక్ష్ముడు.

నాగబాబు బొగ్గుముక్క తీసుకుని పాక గోడ మీద చెట్టు బొమ్మ గీశాడు. బరువు కిందికి, నేల ఆనిక పైకి. ఇక సముద్రం వైపు నుంచి ఒక తాడు గుంజితే సున్నా వస్తుంది. తాడు ఎంత ఎత్తున కడితే అంత తక్కువ గుంజుడు సరిపోతుంది. చెట్టెక్కడం సిలబస్‌లో లేదు కాబట్టి లక్ష్ముడే ఎక్కి పై కొస కట్టాడు.

"కింది కొస దేనికి కడతావురా?"

"కదలనిదానికి."

అది వేట నిషేధం కాలం. బోట్లన్నీ ఇళ్ల దాకా లాక్కొచ్చి ఇసకలో పడేసి ఉన్నాయి. పేటంతా కలిసి లాగితే తప్ప జరగనిది, ఎదురుగా లక్ష్ముడి బోటుంది. నాగబాబు తాడు బిగించి దాని కొసకే కట్టాడు.

"నా బోటుకేట్రా? ఏట మొదలైతే?"

"ఈలోగా గుంజ పాతి దానికి మార్చేస్తాను బావా."

తరవాత చెట్టుకు సముద్రం వైపున, తాడు పక్కనే, కొత్త మోటారు సైకిలు పెట్టుకున్నాడు. చెట్టు ఒరిగింది పాక వైపు కాబట్టి, ఇటు పెరట్లో ఇంతకంటే భద్రమైన చోటు లేదని లెక్క.

ఆ వెంటనే పరీక్ష పేపర్లు దిద్దే పని మీద పడింది. మాష్టారి కాలం సెమిస్టర్లతో నడుస్తుంది. గుంజ మాట మరిచాడు. గాలికి ఇసక వచ్చి తాడు కింది కొసను కప్పేస్తే లక్ష్ముడూ మరిచాడు.

నిషేధం ఎత్తేసిన తెల్లవారి బోటు ముక్కుకు పసుపు రాసి, టెంకాయ కొట్టి, లక్ష్ముడి మనుషులు "హైలెస్సా" అన్నారు. బోటు కదల్లేదు.

"కూకుని తిని బలిసిపోనాదిరా ఇది!" అని లక్ష్ముడు పక్క బోటోళ్లనీ పిలిచాడు.

పెరట్లో పళ్లు తోముకుంటున్న నాగబాబుకు చెట్టు మెల్లగా నిటారవడం కనిపించింది. తన లెక్క వేళ్లలోకి ఇంకి చెట్టుకు బుద్ధి వచ్చిందనుకుని ఒక క్షణం మురిసిపోయాడు. మరుక్షణం చెట్టు నిటారు దాటింది. సున్నా పోయింది. నోటి నిండా నురగతో పరిగెత్తాడు.

"ఆపండి! బావా, ఆపు!"

"కదిలిన బోటుని ఆపమంటావేట్రా? పేటలో పుట్టనేదా నువ్వు?"

పుట్టాడు. మొదటి వేటనాడు కదిలిన బోటు నీళ్లు తాకేదాకా ఆగకూడదు. ఆపితే ఏడాదంతా గంగమ్మ వల నింపదని చిన్నప్పుడు తనకు చెప్పింది మరిడమ్మే. అక్కడే నిలబడిపోయాడు. వేళ్లు పెకిలాయి. చెట్టు సముద్రం వైపు ఒళ్లు వదిలేసింది. తాడు పటుక్కున తెగి, బోటు ఒక్క దూకున నీళ్లలో పడింది.

గరిటెతో బయటికొచ్చిన మరిడమ్మ పాకను చూసింది, ఆకాశాన్ని చూసింది.

"నిజివేరా నాయినా! నా పాక మీద పడనేదు. సెప్పినట్టే సేసినావు."

పేటలో నాగబాబు మాట నెగ్గింది. లక్ష్ముడు కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ సాయంత్రమే ఒడ్డున కబుర్లలో చెట్టును సముద్రంలోకి పంపి, మొదటి వంజరం దాని మట్టలో ఇరికించాడు. మిగతా చేపల్ని తలా ఒకటి ఇరికించారు.

కాలేజీ పిల్లలు ఇప్పటికీ తరగతిలో ఆ చెట్టు వేట గురించి అడుగుతారు. మాష్టారు బోర్డు తుడుస్తూ, వెనక్కి తిరగకుండానే జవాబిస్తాడు.

"చెట్టు సముద్రంలోకి వెళ్లలేదు. చేపలూ పట్టలేదు. నా బండి మీద పడింది."