క్లచ్ లేకుండా ఇరవై కిలోమీటర్లు

పోయిన మంగళవారం పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. పాపటోయిటోయి అనే పేటలో ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న అంకుల్ గారి అమ్మాయి. "నాన్న నిద్రలోనే పోయారన్నయ్యా," అంది. 

ఈ పరాయి దేశంలో ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. తెనాలి వైపు ఒక బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి, రిటైరయ్యాక ఆంటీతో కలిసి కూతురి దగ్గరికి వచ్చేశారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. వీధిలో ఎవరి కారు స్టార్టయినా కంచె దగ్గరికొచ్చి, తల కాస్త వంచి, అది మలుపు తిరిగేదాకా వినేవారు. "ముందు వినాలయ్యా. విప్పడానికేముంది, ఎవడైనా విప్పుతాడు," అనేవారు.

నేనప్పుడు చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన కొత్త. పాత స్పోర్ట్స్ కారొకటి కొన్నాను. రెండే సీట్లు, చేత్తో వేసే గేర్లు. నెల తిరక్కుండానే ఫస్ట్ గేరు పడడం మానేసింది. రివర్స్ వేస్తే కరకరలాడేది. ఒక గ్యారేజీలో చూపిస్తే గేర్‌బాక్సే పోయింది, మార్చాల్సిందే అన్నారు.

అంకుల్ నన్ను దింపి తాను కూర్చున్నారు. ఇంజన్ ఆపి గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి చూశారు. చప్పుడు లేకుండా పడ్డాయి. ఇంజన్ స్టార్ట్ చేసి మళ్ళీ వేశారు. కరకర.

"గేర్‌బాక్స్ పోతే ఇంజన్ ఆపినా సతాయిస్తుంది. ఇది అది కాదు. క్లచ్ పూర్తిగా విడవట్లేదు," అన్నారు. బానెట్ ఎత్తి క్లచ్ ఆయిల్ డబ్బా చూపించారు. దాదాపు అడుగంటింది. నింపి, పెడల్ పదిసార్లు తొక్కించాక గేర్లు పడ్డాయి. నా మొహం చూసి, "అప్పుడే సంబరపడకు. ఈ ఆయిల్ ఊరికే తరిగేది కాదు, ఎక్కడో కారుతోంది. అదేదో తేలేదాకా దూరం తియ్యకు," అన్నారు.

నేను వినలేదు. శనివారం ఇక్కడ సముద్రం ఒడ్డునున్న కోరమాండల్ దాకా వెళ్ళొద్దాం రమ్మన్నాను. వద్దయ్యా అన్నారు. "వచ్చి రెండేళ్ళయింది, మీరు ఈ వీధి దాటలేదంకుల్," అన్నాను. కాదనలేక ఎక్కారు.

వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తిరుగు దారిలో కొండ దిగుతుండగా క్లచ్ పెడల్ నా కాలి కింద మెత్తగా జారి నేలకంటుకుపోయింది. కాలు తీసినా పైకి రాలేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. ఆపుకోవడానికి జాగా లేదు. వెనక రెండు కార్లు.

"బ్రేకుల ఆయిల్ వేరే. అవి పనిచేస్తాయి. కంగారు పడకు," అన్నారు. "క్లచ్ సంగతి మర్చిపో. యాక్సిలరేటర్ కాస్త వదిలి గేరు రాడ్డు లాగు, అదే న్యూట్రల్‌లోకి వస్తుంది."

వచ్చింది.

"ఇప్పుడు కొంచెం రేస్ ఇచ్చి, సెకండుకి ఆనించు. నెట్టకు. వేగం కలిసినప్పుడు అదే లోపలికి పోతుంది."

మూడోసారికి పోయింది. కొండ దిగాక ఒక ఇరుకు వంతెన, ఒక్క బండే పట్టేది. అవతలి నుంచి దుంగల లారీ వస్తోంది. ఆగక తప్పలేదు, ఆగగానే ఇంజన్ చచ్చిపోయింది. లారీ దాటింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

"ఇంజన్ ఆగిందిగా, ఇప్పుడు ఫస్ట్ పడుతుంది. వేసి, గేర్లోనే తాళం తిప్పు."

కారు ఎగిరెగిరిపడి కదిలింది. ఊపిరి పీల్చుకుని నవ్వుతూ ఆయన వైపు చూశాను. ఆయన నవ్వలేదు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. కుడిచెయ్యి గుండె మీద ఉంది.

"అంకుల్?"

"గ్యాస్ అయ్యుంటుంది. నువ్వు రోడ్డు చూడు."

సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆసుపత్రి ఉన్న ఊరు ఇంకా ఇరవై కిలోమీటర్లు. ఆపితే మళ్ళీ కదులుతుందో లేదో. ఆపకూడదనుకున్నాను. ప్రతి మలుపు దగ్గరా ఆయన చెబుతూనే ఉన్నారు. మొదట "ఇప్పుడు లాగు," "ఇప్పుడు ఆనించు" అనేవారు. తర్వాత "ఇప్పుడు" అని మాత్రమే. చివరికి మాట ఆగిపోయింది, ఎడమచేతి వేళ్ళు మాత్రం మోకాలి మీద కదిలేవి. పైకి లేస్తే లాగడం, వాలితే ఆనించడం. ఆ వేళ్ళు ఒక్కసారి కదలడం ఆలస్యమైతే నా ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆసుపత్రి గుమ్మం ముందు కారు దానంతటదే ఆగిపోయింది. నర్సు ఆయన్ని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోతుంటే మెడ తిప్పి గొణిగారు. "గేర్‌బాక్స్ పక్కన చిన్న సిలిండర్ ఉంటుంది. దాని రబ్బరు తొడుగెత్తి చూడు. తడుందేమో."

గుండెపోటేనన్నారు. ఇంకాస్త ఆలస్యమయ్యుంటే కష్టమయ్యేదనీ అన్నారు. ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికారు. ఆ రోజు జరిగిందానికి నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఒకసారి క్షమించమంటే, "వద్దన్నాను గానీ, రోడ్డు బాగుందయ్యా," అన్నారు.

మంగళవారం నుంచీ నాకు గుర్తొస్తున్నది మాత్రం ఆ ఆసుపత్రి కిటికీయే. ఆంటీ వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక, పార్కింగ్‌లో వెల్లకిలా పడుకుని కారు కిందకి దూరాను. రబ్బరు తొడుగు ఎత్తగానే ఆయిల్ నా మణికట్టు దాకా కారింది. లేచి వార్డు దగ్గరికెళ్ళాను. లోపలికి ఇంకా రానివ్వరన్నారు. తలుపు పక్క కిటికీ అద్దం అవతల నీలం గౌనులో, ఛాతీ నిండా వైర్లతో ఆయన తల ఎత్తి తలుపు వైపే చూస్తున్నారు. నేను తడి చెయ్యి అద్దానికి ఎత్తి చూపించాను. అప్పుడు గానీ ఆయన తల దిండు మీద వాల్చలేదు.