సముద్రం మీద నడిచొచ్చిన తల్లి

నాకు దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రం. దేవుడి కథలంటే మాత్రం చిన్నప్పటి నుంచీ చెవి కోసుకుంటాను. పోర్టు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఖాళీ దొరికితే కథలు రాసుకునే నేను, ఎక్కడైనా ఎవరికైనా అమ్మవారు కనిపించిందని తెలిస్తే సెలవు పెట్టి మరీ వెళ్ళి వింటాను. సీతమ్మధారలో మా ఇంట్లో పూజగది ఉంది. దాని సంగతి నా భార్య చూసుకుంటుంది.

భీమిలిలో విన్నదిది. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు, చేపలవేట వాళ్ళ పని. ఒకసారి నడిసముద్రంలో ఇంజను పాడై వాళ్ళ పడవ గాలికి కొట్టుకుపోయింది. తెచ్చుకున్న మంచినీళ్ళు అయిపోయాయి. దాహానికి ఆగలేక తమ్ముడు సముద్రంలోకి దోసిలి ముంచాడట. ఆ నీళ్ళు తాగితే మనిషి దక్కడని అన్నకు తెలుసు. పట్టి ఆపే ఓపిక లేదు. అందుకని నోటికొచ్చిన కథ మొదలుపెట్టాడు.

"అటు సూడ్రా, తల్లి నడిసొత్తన్నాది. సంకలో మంచినీళ్ళ బిందె ఉంది. ఉప్పునీళ్ళు ముట్టినోడికి ఇవ్వదంట."

తమ్ముడు దోసిలి వదిలేశాడు. తల్లి ఎందాకా వచ్చిందని అడుగుతూనే ఉన్నాడు. పసుపు పాదాలు తడవకుండా వస్తోందని, కెరటం లేస్తే ఆగి మళ్ళీ అడుగేస్తోందని అన్న చెబుతూనే ఉన్నాడు. ఇక చెప్పడానికి ఏమీ తోచని సమయంలో ఒక సరుకుల ఓడ వాళ్ళను చూసింది.

ఒడ్డుకు చేరాక తమ్ముడు తీరంలో చిన్న గుడి కట్టాడు. తల్లిని కళ్ళారా చూశానని అందరికీ చెబుతాడు. నేను వెళ్ళిందీ అది వినడానికే. విని బస్సు కోసం నడుస్తుంటే అన్న వెంట వచ్చి ఈ సంగతంతా చెప్పాడు. ఎందుకు చెప్పాడో తెలియదు. నేను ఆ ఊరివాణ్ణి కాననేమో.

"తమ్ముడికి చెప్పలేదా?" అన్నాను.

"ఏటి సెప్పమంటావు బాబూ? ఆడు సూసినానంటన్నాడు. నాను సూడలేదు. అబద్దం ఆడింది నానే గానీ, ఓడని తెచ్చింది నాను కాదు కదా."

"అయితే నువ్వూ నమ్ముతున్నావా?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "శుక్రారం శుక్రారం కొబ్బరికాయ కొడతన్నాను."

దీన్ని కథగా రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. అన్న వైపు నుంచి రాస్తే ప్రాణం నిలబెట్టిన అబద్ధమవుతుంది. తమ్ముడి వైపు నుంచి రాస్తే మహిమ అవుతుంది. రెండూ కుదరలేదు.

పోయిన వేసవిలో మళ్ళీ వెళ్ళాను. గుడి ముందు ఇసుకలో తమ్ముడు ఎవరో కొత్తవాళ్ళకు చెబుతున్నాడు. ఇప్పుడా బిందె వెండిది. తల్లి ఆ రోజు అన్నతో మాట్లాడింది కూడానట. ఆ ముక్క నాకు కొత్త. అన్నకూ కొత్తే అనుకుంటాను. జనం వెనక వల భుజాన వేసుకుని నిలబడి వింటున్న అన్న ఉండబట్టలేక అడిగాడు:

"నన్నేటన్నాదిరా తల్లి?"

తమ్ముడు అన్న వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. అన్న వల కింద పెట్టి కూర్చున్నాడు. నేనూ ఆయన పక్కన చోటు చూసుకున్నాను.