రాకెట్ బిరడా

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరికీ తెలుసు, మా వీధిలో సగం మందికి తెలుసు. బట్టలు కుట్టేవాళ్లకు ఓపిక ఉండాలంటారు. నా ఓపికంతా సూదిలోకి దారం ఎక్కించేసరికే అయిపోతుంది. అందుకే ఆ వేసవిలో నా కూతురు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పట్టుకొచ్చి, "అవ్వా, దీంతోని రాకెట్ చేద్దాం, ఫోన్ల చూసిన" అంటే ముందు కసురుకున్నాను. ఇంకో ఇరవై రోజులైతే పిల్ల ఇంట్లో ఉండదని తర్వాత గుర్తొచ్చింది.

గురుకులంలో అయిదో తరగతి సీటు వచ్చింది. మేముండేది మంచిర్యాలలో, బడి జైనూర్ దాటాక. సీటు వచ్చిందని వీధంతా మిఠాయి పంచింది నేను. ఆడపిల్లను అంత దూరమా అని ఇంటాయన నసిగితే నోరు మూయించింది కూడా నేనే. ఇక ఏడిస్తే ఏ మొహం పెట్టుకుని ఏడవాలి?

రాకెట్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బాటిల్‌లో కొన్ని నీళ్లు పోయాలి. సైకిల్ ట్యూబు వాల్వు దూర్చిన రబ్బరు బిరడాను మూతికి బిగించాలి. తలకిందులుగా మూడు ఇటుకల మధ్య నిలబెట్టి పంపుతో గాలి కొట్టాలి. లోపల గాలి నిండి నిండి బిరడా ఊడుతుంది, నీళ్లు కిందికి చిమ్ముతాయి, బాటిల్ పైకి లేస్తుంది.

మేం నీళ్లు పోస్తుంటే మా అత్తమ్మ వచ్చి నిలబడింది.

"గిన్నేనా పోసేది?"

"సగం కంటె తక్కువ పోయాలెనట అత్తమ్మా."

"ఇంట్ల నుంచి బయలెల్లేదాన్ని ఎవలన్న వెలితిగ పంపుతరా? నిండుగ పొయ్యి."

అంతటితో ఊరుకోలేదు, బాటిల్‌కు పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది. ఇంకో రోజైతే గట్టిగానే వాదించేదాన్ని. కానీ పిల్ల ప్రయాణం దగ్గర పడుతుంటే వెలితి అనే మాట నాకూ గుచ్చుకుంది. అంచుదాకా నింపాను. "గాలికి జాగ ఏది అవ్వా?" అని పిల్ల నెత్తీనోరూ కొట్టుకుంది. నాలుగు సార్లు పంపు కొట్టగానే బిరడా ఊడింది. బాటిల్ ఇటుకల మధ్య నుంచి కదల్లేదు, నీళ్లు మాత్రం అత్తమ్మ చీర తడిపాయి. "గంగమ్మ నా కాళ్లు కడిగింది తియ్" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. మేమిద్దరం అరుగు మీద పడి నవ్వాం. నేను అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో.

మర్నాడు పిల్ల లేవకముందే కొత్త బిరడా చేశాను. పాత హవాయి స్లిప్పర్‌లోంచి గుండ్రంగా ముక్క కోసి, బండ మీద రాకి రాకి ఒక కొన సన్నగా, ఇంకో కొన లావుగా చేశాను. సన్నటి కొన మూతిలోకి పోతుంది, లావు భాగం గట్టిగా పట్టుకుని ఉంటుంది. కిటుకంతా అదే. ఆ సాయంత్రం రాకెట్ ఎదురింటి రెండో అంతస్తు దాటి లేచింది. మిగిలిన రోజులు ఒక్క సాయంత్రం కూడా వదలకుండా ఎగరేశాం. జాకెట్లు ఇవ్వడం ఆలస్యమైందని ఆడవాళ్లు వాకిట్లో నిలబడి తిడుతుంటే, వాళ్ల చేత కూడా పంపు కొట్టించాం.

పిల్ల వెళ్లిపోయాక ఇల్లు తినడానికి వచ్చింది. దాని కంచం గూట్లోంచి తీసి కడిగి మళ్లీ పెట్టేదాన్ని. మిషను శబ్దం ఆగితే భయమేసి ఉత్తినే తొక్కేదాన్ని. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల మీద అరిచేదాన్ని.

ఆదివారం ఆదివారం హాస్టల్ ఫోన్‌లో పిల్లలతో మాట్లాడిస్తారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. వెనక వరసలో పిల్లలు "జల్ది, జల్ది" అంటుంటారు. మొదట్లో అది ఏడ్చేది. చెప్పుకుంటే సిగ్గుచేటు కానీ, ఆ ఏడుపు వింటే నాకు లోపల ఎక్కడో హాయిగా ఉండేది. నెల తిరిగేసరికి ఏడుపు ఆగింది. "తిన్న. మంచిగున్న. పెట్టేస్తున్న అవ్వా." అర నిమిషం.

ఒక ఆదివారం మాత్రం ఫోన్ ఎత్తగానే అడిగింది.

"అవ్వా, నువ్వు బిరడా ఎట్ల చేసినవ్? మేం స్లిప్పర్ కోసి పెడితే అయిదు సార్లు కొట్టకముందే ఊడిపోతుంది."

జవాబు నోటిదాకా వచ్చింది. ఒక్క మాట. కానీ ఆ మాట అంటే 'సరే' అని పెట్టేస్తుంది.

"యాదికి లేదు బిడ్డా. చూసి చెప్త. మళ్ల ఆదివారం చెయ్యి."

"మళ్ల ఆదివారమా?" అంది. వెనక ఎవరో "జల్ది" అన్నారు. "సరే."

ఆ వారమంతా ఎవరి మీదా అరవలేదు. ముందు ఏమేం అడగాలి, బిరడా సంగతి ఎంత నిదానంగా చెప్పాలి అని మిషను తొక్కుతూ ఆలోచించుకున్నాను. ఆదివారం పొద్దుటి నుంచీ ఫోన్ ఒళ్లోనే పెట్టుకున్నాను. రాలేదు.

ఆ పై ఆదివారం తల్లిదండ్రులను లోపలికి రానిచ్చే రోజు. మక్క గారెలు చేసి డబ్బాలో పెట్టుకుని, కెరమెరి ఘాట్ మీదుగా బస్సులో వెళ్లాను. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. దాని ఎడమ కాలి స్లిప్పర్ మడమ దగ్గర గుండ్రంగా చిల్లు ఉంది.

"ఇదేందే?"

"బిరడాకు కోసిన." గారె తుంచుకుంటూ మామూలుగా చెప్పింది. "అప్పుడు నీకు ఫోన్ చేసినంక బుధవారమే బడిల సైన్స్ ప్రోగ్రాం ఉండె. అందరి ముంగట పెట్టినం. లేవలే. నీళ్లన్ని నా మీదనే పడ్డయ్. అందరు నవ్విండ్రు. బాత్రూంల పోయి ఏడ్చిన."

"ఆదివారం ఫోన్ ఎందుకు చెయ్యలే?"

"ఇంక దేనికవ్వా? ప్రోగ్రాం అయిపాయె. నా వంతు మా దోస్తుకు ఇచ్చిన."

నా రెండు నిమిషాల కోసం నా పిల్లను బడి మొత్తం ముందు నవ్వులపాలు చేశాను. అక్కడ చాపలు పరుచుకుని కూర్చున్న తల్లులతో చెబుదామా అనిపించింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాను.

చేతులు కడుక్కుని అది రాకెట్ తెచ్చింది. తనే నీళ్లు పోసి, తనే బిగించి, "ఈ బిరడా మళ్ల కొత్తగ నేనే చేసిన, దూరం జరుగు అవ్వా" అంది. బాటిల్ బడి కప్పు దాటి పైకి పోయింది. అందరూ తలెత్తి దాన్నే చూశారు. నేను పిల్లను చూశాను. దానికి నా అవసరం పడలేదు. గర్వపడాల్సిన చోట ఏడుపొచ్చింది.

వచ్చి నా చేతిలో మడిచిన కాగితం పెట్టింది. బిరడా బొమ్మ, సన్నటి కొన, లావు కొన, పక్కన బాణం గుర్తులు.

"నీకు యాదికి లేదన్నవ్ గదా, రాసిచ్చిన. మిషిన్ డబ్బాల పెట్టుకో. సమజైందా?"

నాకు తెలుసు అనడానికి ఒక్క మాట చాలు. ఇక బయల్దేరమని గేటు దగ్గర గంట కొడుతున్నారు.

"కాలే బిడ్డా," అన్నాను. "జర మళ్లొకపారి చెప్పు."

అది నన్ను ఆనుకుని కూర్చుని, బొమ్మ మీద వేలు పెట్టి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.