మా బడిలో కోదండం

“పిల్లోల్లు వచ్చినారేమో సూడుమ్మే” అన్నాడు మా ఆయన, మంచంలోంచే. “ఈ పొద్దు సెలవులే, పండుకో” అన్నాను. ఆయన పోయే ముందు మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. బడిలో పంతులమ్మగా చేస్తున్న నా మనవరాలు నిన్న గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, బెత్తం పట్టకుండా పిల్లల్ని ఎట్లా అదుపు చేసేది అవ్వా అని కూలబడితే, ఇన్నేళ్లకు ఆయన బడి సంగతంతా మళ్లీ కదిలింది. నాకు రాత అంతగా రాదు గనక, నేను చెబుతుంటే తనే రాస్తోంది.

తెల్లదొరల కాలంలో, ఎర్రగుంట్లకు అవతల నేతగాళ్ల ఊళ్లో మా ఆయన వీధిబడి అయ్యవారు. ఆ నేతగాళ్లిచ్చే జొన్నలూ కొర్రలే మాకు తిండి. అప్పట్లో ప్రతి బడిలో కోదండం ఉండేది, అంటే తప్పు చేసిన పిల్లవాడి చేతులు తాడుతో కట్టి, ఆ తాడును దూలం మీదుగా వేసి, తోటి పిల్లల చేతనే పైకి లాగించడం. ఆయనా చేయించేవాడు, ఒక పసివాడు వేలాడుతూనే స్పృహ తప్పాక మానేశాడు.

మానేసిన కొన్నాళ్లకే, బడి ఎగ్గొట్టి తిరుగుతున్న కొడుకును ఒక నేతగాడు రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. “ఏం అయ్యోరా, ముద్దు చేసేదానికి మా ఇండ్లల్లో ఆడోల్లు లేరా? వీన్ని కోదండం ఎక్కిస్తావా, లేకుంటే అందరి పిల్లోల్లనూ మగ్గాలకాడికి తోలుకపొమ్మంటావా?”

నేను నీళ్లబిందెతో గడపలోనే ఉన్నాను. మా ఆయన చిన్నగా నవ్వి, పిల్లల చేత తాడు తన చేతులకే కట్టించుకుని, “తప్పు నాది, నన్ను లాగండి” అన్నాడు. ఒక్కడూ లాగడని ఆయన నమ్మకం. పిల్లలు ఏడుస్తారు, తండ్రి మనసు కరుగుతుంది, అంతటితో సరి అనుకున్నాడు.

లాగారు. అయ్యవారి మాట దాటకూడదని నేర్చిన పిల్లలు, కళ్లనీళ్లు కారుతుండగానే, ఎప్పటిలాగే వరసన నిలబడి లాగారు. ఆయన కాళ్లు నేల విడిచాయి. భుజం కీలు తప్పిన చప్పుడు గడపలో ఉన్న నాకు వినబడింది. నేతగాడే పరుగెత్తి ఆయన్ని ఎత్తిపట్టుకుని, మొలనున్న కత్తితో తాడు కోశాడు. “నువ్వెట్టాంటి మనిసివి సామీ” అన్నాడు.

పిల్లల్ని ఎవరూ తోలుకుపోలేదు, బడి నిలిచింది. కానీ కట్టు కట్టేటప్పుడు కూడా ఆయన నొప్పి మాట ఎత్తలేదు. “లాగినారు గదమ్మే, ఒక్కడన్నా ఎందుకని అడగల్యా” అని గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత ఏ మాట చెప్పినా, ఎందుకని అడిగేదాకా పిల్లల్ని పలక పట్టనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు తాడూ లేదు, అప్పటి బడి నిశ్శబ్దమూ లేదు. పిల్లలు మాటకు మాట అడుగుతారట. నా చెవులకది గోలే, అయినా ఆయన ఉండుంటే నా మనవరాలి బడి అరుగు మీద కూర్చుని పొద్దస్తమానం వినేవాడేమో.

పాపా, రాసిందంతా ఒకసారి చదివి వినిపించు.